లక్ష గింజలు, లక్ష రకాలు: మల్లెతో మన పోరు

(రైతు సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొగాకు చేలో మల్లె మనకు కొత్త కాదు. దానికి పచ్చటి ఆకు లేదు, సొంత తిండి లేదు. మన మొక్క వేరును పట్టుకుని రసం పీల్చి బతుకుతుంది. అది నేల మీద కనబడేసరికే లోపల నష్టం జరిగిపోయి ఉంటుంది.

ఒక్క మల్లె మొక్క లక్షకు పైగా గింజలు రాల్చగలదు. దుమ్ములాంటి ఆ గింజలు ఏళ్ల తరబడి మట్టిలో చావకుండా ఉంటాయి. ఇది మనందరికీ తెలుసు. మనం పట్టించుకోవలసింది ఇంకొకటుంది. ఆ గింజలన్నీ ఒకే అచ్చులో పోసినవి కావు. వాటిలో జన్యువుల తేడాలున్నాయి.

దాని ఫలితం ఏమిటో పొద్దుతిరుగుడు పంట చెబుతుంది. ఆ పంటను పట్టే మల్లె మన పొగాకు మల్లెకు దగ్గరి చుట్టం. యూరప్‌లో దాన్ని తట్టుకునే రకం వచ్చినప్పుడల్లా, కొన్నేళ్లకు ఆ రకాన్నీ పట్టే మల్లె తెగ బయటపడింది. 1980లో రుమేనియా శాస్త్రవేత్తలు ఏ నుంచి ఈ వరకు ఐదు తెగలను వర్గీకరించారు. ఐదింటినీ తట్టుకునే రకాలు వేశారు. 1990లలో స్పెయిన్‌లో ఎఫ్ అనే ఆరో తెగ వాటినీ పట్టింది. తట్టుకునే రకం వేస్తే లక్షల గింజలు ఓడిపోతాయి. గెలిచిన ఒకటీ అరా గింజ కడితే, క్రమంగా పొలమంతా వాటి సంతానమే అవుతుంది.

కాబట్టి కొత్త విత్తనం ఒక్కదాన్నే నమ్ముకుంటే చాలదు. పూత విడవకముందే మల్లె పీకాలి. పీకింది గట్టున పడేస్తే అక్కడే గింజ కడుతుంది, తగలబెట్టాలి. పొగాకుకు ముందు నువ్వులు, పెసర, మినుము, జొన్న వేసుకుంటే మల్లె గింజలు కొన్ని మొలిచి, పట్టు దొరక్క చస్తాయి. ఒక్కరు పీకి పక్కవారు వదిలేస్తే నీటితో, పశువులతో, ట్రాక్టరు చక్రాల మట్టితో మళ్లీ వస్తుంది. ఊరంతా కలిసి పీకాలి.

ఇక ఖర్చు మాట. ఈ ఏడు ఒక చేను, వచ్చే ఏడు మరో చేను చేసే కౌలు రైతు మీదే పీకుడు కూలి మొత్తం వేయడం న్యాయమా? గింజ ఉండిపోయేది యజమాని భూమిలో కదా!

అందుకే మనం మూడు అడుగుతున్నాం. ప్రభుత్వం మండలాల వారీగా మల్లె గింజలు సేకరించి తెగలను పరీక్షించాలి. మల్లెను తట్టుకుంటుందని విత్తనం అమ్మేవారు, ఏ ప్రాంతపు మల్లె మీద పరీక్షించారో సంచి మీద రాయాలి. పీకుడు కూలిలో భూ యజమాని వాటా భరించాలి.

మల్లె గింజ ఏళ్ల తరబడి ఓపిక పడుతుంది. మన ఐక్యత ఒక్క సీజనుతో ఆగిపోకూడదు.