రాజీ కంటే ముందు రక్షణ

(భానూర్‌లో జరిగిన సమాఖ్య వార్షిక మహాసభలో జెండర్ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్లు అన్నీ విన్నారు. అవి పుస్తకాల్లో ఉన్న లెక్కలు. మేము చెప్పబోయేది పుస్తకంలో రాయని లెక్క. సంఘం మీటింగు అయిపోయి, సంతకాలు పెట్టి అందరూ లేచి పోయాక ఒక మనిషి మాత్రం చాప మడతపెట్టుకుంటూ వెనక ఉండిపోతుంది. "అక్కా, ఒక్క మాట" అంటుంది. ఆ ఒక్క మాట మన దగ్గరికి వచ్చినప్పుడు మనం ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నదే ఈ ఏడాది మేము శిక్షణలో కూర్చొని నేర్చుకున్నది.

మన ప్రాంతం సంగతి మీకు కొత్తగా చెప్పేది కాదు. భానూర్‌లో భారత్ డైనమిక్స్ ఉంది. ఆ పక్క పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీలు. ఈ పక్క ఔటర్ రింగు రోడ్డు వచ్చినంక గజాల్లెక్క అమ్ముడుపోతున్న పొలాలు. ఒకే గల్లీలో మన ఊరోళ్లు, ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చి కిరాయికి ఉంటున్నోళ్లు కలిసి బతుకుతున్నారు. అందుకే మన దగ్గరికి వచ్చే తగాదాలు కూడా అట్లాంటివే. రాత్రి షిఫ్టుకు పోతే అనుమానం. జీతం ఎవరి చేతికి పోవాలని గొడవ. భూమి అమ్మితే అక్కచెల్లెళ్ల సంతకం కోసం గొడవ. కంపెనీలో ప్రమాదం జరిగి మనిషి పోతే, వచ్చే పైసలు భార్యకా, అత్తమామలకా అని దినాలు కాకముందే పంచాయితీ.

ఈ పంచాయితీలు ఇదివరకు పెద్దమనుషులు చేసేవారు, ఇప్పటికీ చేస్తున్నారు. వాళ్లలో మంచివాళ్లు లేరని మేము అనం. కానీ ఆ కూర్చునే పద్ధతి ఎట్లుంటదో చూడండి. మగవాళ్లు కుర్చీల మీద, తగాదా ఎవరిదో ఆ ఆడమనిషి గోడ పక్కన. ఆమె తరఫున తండ్రో, అన్నో మాట్లాడతాడు. రెండు దిక్కులా ముందే పైసలు కట్టించుకుంటారు. చివరికి "సంసారం అన్నంక ఉంటయి, సర్దుకపో బిడ్డా" అని తేలుస్తారు. సర్దుకునేది ఎప్పుడూ ఒక్కరే.

దీన్ని మార్చాలని మన జిల్లాలో ఆడవాళ్లు అనుకోవడం ఇవాళ కొత్త కాదు. మనం మెదక్ జిల్లాలో ఉన్నప్పుడే, 1993లో మహిళా సమతా కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదట అడుగుపెట్టింది మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే. చదువు రాని దళిత మహిళలు సంఘం పెట్టుకొని కూర్చొని మాట్లాడటం అప్పుడే నేర్చుకున్నారు. తర్వాత 2000లో సెర్ప్ వచ్చింది, వెలుగు వచ్చింది, అది ఇందిరా క్రాంతి పథం అయింది. పొదుపుతో పాటు మండల సమాఖ్యల్లో జెండర్ కమిటీలు, కుటుంబ సలహా కేంద్రాలు పుట్టాయి. 2005లో గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమలైంది. అంటే మనం నడుస్తున్న బాట మన కంటే ముందు అక్కలు వేసిందే.

బాట ఉన్నా తప్పటడుగు పడదని లేదు. మేము వేసిన ఒక తప్పటడుగు ఈ సభలో ఒప్పుకోవాలి. ఊరి పేరు, మనిషి పేరు చెప్పం. అది మన మొదటి నియమం.

మా కమిటీ కొత్తగా పని మొదలుపెట్టిన రోజుల్లో ఒక చెల్లె వచ్చింది. కాంట్రాక్టు లేబరుగా పనిచేస్తది. రాత్రి షిఫ్టు పడ్డప్పుడల్లా భర్త అనుమానపడి కొడతాడు. మేము పెద్ద పని చేస్తున్నామనుకొని ఇద్దరినీ ఒకే రోజు పిలిపించాం. పన్నెండు మందిమి చుట్టూ కూర్చున్నాం. మా మొదటి ప్రశ్న అతన్ని అడిగాం: "ఎందుకు కొట్టినవ్?" ఆ ప్రశ్నతోనే మేము ఓడిపోయాం, కానీ అప్పుడు తెలవలేదు. ఎందుకు అని అడిగితే అతను కారణాలు చెప్పడం మొదలుపెట్టాడు. వంట ఆలస్యం, ఫోను, సూపర్‌వైజరుతో మాటలు. మేము ఒక్కో కారణానికి తీర్పు చెప్పుకుంటూ పోయాం. చివరికి ఆమె రాత్రి షిఫ్టు మానేయాలి, అతను తాగుడు తగ్గించాలి అని కాగితం రాసి సంతకాలు తీసుకున్నాం. ఫోటో కూడా దిగాం.

నెల తిరగకముందే ఆమె చెయ్యి విరిగి ఆస్పత్రిలో ఉంది. చూడటానికి పోతే ఆ చెల్లె అన్న మాట మేము మరువలేం. "మీరందరు ఆయన చెప్పిందే ఇన్నరక్కా. ఉన్న పని పోగొట్టిన్రు. ఇంక చెప్పుకోనీకె జాగ లేకుండ చేసిన్రు."

మేము రాయించిన రాజీలో దెబ్బలు తిన్న మనిషి ఉద్యోగం వదులుకుంది. కొట్టిన మనిషి వదులుకున్నది ఏమీ లేదు. "తగ్గిస్తా" అన్నాడంతే. దీన్ని న్యాయం అని కాగితం మీద మేమే రాశాం. తర్వాత రక్షణాధికారి దగ్గరికి తీసుకపోయాం, కోర్టు ద్వారా ఆమెకు ఆ ఇంట్లోనే ఉండే హక్కు వచ్చింది. ఇప్పుడు మళ్లీ పనికి పోతున్నది. మీటింగులకు వస్తది. కానీ మునుపటిలెక్క మాతో మనసు విప్పి మాట్లాడదు. ఆ లోటు మాది.

ఆ దెబ్బతోనే మేము శిక్షణకు కూర్చున్నాం. అక్కడ నేర్చుకున్నవి మీ ముందు పెడుతున్నాం.

మొదటిది, విడిగా వినడం. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే ముందు ఆమెతో ఒంటరిగా, ఆమె చెప్పిన చోట, ఆమె చెప్పిన టైముకు మాట్లాడాలి. అడగాల్సినవి నాలుగే. ఈ రాత్రి ఇంటికి పోతే నీకు భయముందా? పిల్లలు ఎక్కడున్నారు? నీ కాగితాలు, ఫోను, పైసలు ఎవరి దగ్గరున్నయి? నీకేం కావాలె? చివరి ప్రశ్నకు ఆమె జవాబు చెప్పేదాకా మన సలహా నోట్లోనే ఉండాలి. భయముంది అంటే అక్కడికి మధ్యవర్తిత్వం ఆగిపోవాలి. రక్షణ పని మొదలవ్వాలి.

రెండోది, కొట్టడానికి సాకు వినకపోవడం. ఇది మా సొంత కవిత్వం కాదు. గృహహింస చట్టం కింద 2006లో చేసిన నియమాల్లోనే ఉంది. కోర్టు పంపిన కౌన్సెలింగులో హింస చేసినవాడు దానికి సమర్థన చెప్పుకోవడానికి వీల్లేదు. కోర్టు కౌన్సెలరుకు ఉన్న నియమం మనకెందుకు ఉండొద్దు? అందుకే ఇప్పుడు "ఎందుకు కొట్టినవ్" అని అడగం. "ఇక మీద కొట్టకుండ ఉండేందుకు నువ్వేం జేస్తవ్" అని అడుగుతాం.

మూడోది, మనం ముట్టకూడని తగాదాలు తెలుసుకోవడం. పిల్లల మీద లైంగిక దాడి జరిగితే అది పోక్సో చట్టం. 2012 నాటి ఆ చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెడితే అదే నేరం. అత్యాచారం, బాల్య వివాహం, ప్రాణాల మీదికి తెచ్చిన దెబ్బలు, ఇవేవీ చాప మీద కూర్చొని తేల్చేవి కావు. ఎంత పెద్దమనిషి వచ్చి "ఊరి పరువు" అన్నా సరే. అప్పుడు మన పని ఆమె వెంట నడవడం. 112కు ఫోన్ చేయడం, 181 మహిళా హెల్ప్‌లైనుకు చెప్పడం, జిల్లా సఖి కేంద్రానికి తోడు పోవడం. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది, దాని నంబరు 15100. ఈ నంబర్లు మీ మినిట్స్ పుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకోండి.

నాలుగోది మన సంఘాలకే ప్రత్యేకం. అప్పు వేరు, తగాదా వేరు. మన దగ్గరికి వచ్చిన మనిషి మన సంఘంలోనే బాకీ ఉండొచ్చు. మధ్యవర్తిగా కూర్చున్న అక్కనే వాయిదా వసూలు చేసే లీడరు కావచ్చు. మనం ఏమీ అనకపోయినా ఆమెకు భయముంటది: ఈళ్ల మాట కాదంటే రేపు లోను ఆపుతరేమో అని. కాబట్టి ఆమె సంఘం లీడరు ఆ తగాదాలో కూర్చోవద్దు. చుట్టం కూర్చోవద్దు. అదే కులం పెద్దలతో మాట ఇచ్చుకున్నవాళ్లు కూర్చోవద్దు. పక్క ఊరి కమిటీ నుంచి ఇద్దరిని పిలుచుకుందాం.

ఐదోది, సంతకంతో పని అయిపోదు. వారానికి ఒకసారి, తర్వాత నెలకు ఒకసారి పోయి కనుక్కోవాలి. అదీ భర్త ముందట కాదు, నీళ్ల కాడనో, బస్టాపు కాడనో. రాసుకున్న మాట తప్పితే ఏం చేస్తామో కాగితంలో ముందే ఉండాలి.

ఇక భూమి సంగతి. ఈ ఏడాది ఒక అక్క వచ్చింది. అన్నదమ్ములు పొలం అమ్ముతున్నారు. పసుపు కుంకుమ కింద కొంత ఇస్తాం, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టి పొమ్మన్నారు. పెట్టకపోతే తల్లిగారింటి గడప తొక్కొద్దన్నారు. మేము రెండు దిక్కులా విడిగా కూర్చున్నాం. పిత్రార్జితంలో బిడ్డకు కొడుకుతో సమానంగా హక్కు మన రాష్ట్రంలో 1985లోనే సవరణతో వచ్చిందని, 2005లో దేశమంతటికీ వచ్చిందని, ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చిందని ఆమెకు చెప్పాం. అన్నదమ్ములకూ అదే చెప్పాం, గొంతు పెంచకుండా. సంతకం పెట్టే ముందు వారం గడువు అడిగాం.

చివరికి ఆమె సమాన వాటా తీసుకోలేదు. ముందు చెప్పినదాని కంటే చాలా ఎక్కువ, పూర్తి వాటా కంటే తక్కువ. దాన్ని ఆమె పేరు మీదున్న బ్యాంకు ఖాతాలో వేయించుకుంది. మాలో కొందరికి మనసుకు పట్టలేదు. సగం వదిలేసిందే అన్నారు. ఆ అక్క మాత్రం "నా హక్కు ఎంతో తెలిసి నేనే ఇడిచిపెట్టిన. తెల్వక పోగొట్టుకోలే" అన్నది. మధ్యవర్తి పని గెలిపించడం కాదని, తెలిసి నిర్ణయించుకునే బలం ఇవ్వడమని ఆ రోజు మాకు అర్థమైంది. ఇదే మాట దెబ్బల విషయంలో మాత్రం చెల్లదు. ఆస్తిలో కొంత వదులుకోవచ్చు, ఒంటి మీద దెబ్బకు మాత్రం బేరం లేదు.

కంపెనీ ప్రమాదంలో భర్త పోయిన చెల్లెళ్లకు ఒక మాట. చట్టం ప్రకారం ఇచ్చే పరిహారం సంబంధిత అధికారి దగ్గర జమ అయి, ఆయన ద్వారానే హక్కుదార్లకు పంచబడాలి. 1923 నాటి చట్టం నుంచి వస్తున్న పద్ధతి ఇది. దుఃఖంలో ఉన్నప్పుడు ఎవరు కాగితం తెచ్చినా, చదివించుకోకుండా వేలిముద్ర వేయొద్దు. ముందు కమిటీని పిలవండి. అత్తమామలను శత్రువులుగా చూడాల్సిన పని లేదు, వాళ్లూ కొడుకును పోగొట్టుకున్నోళ్లే. అందుకే అక్కడ మధ్యవర్తి అవసరం ఇంకా ఎక్కువ.

పనిచేసే చోట వేధింపుల మీద 2013 చట్టం ఉంది. పది మంది అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువుంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి పోవచ్చు. జరిగిన మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి. ఆ చట్టంలో ఒక మంచి మాట ఉంది: రాజీ ప్రయత్నం ఆ మహిళ అడిగితేనే చేయాలి, పైసలు ఇచ్చి రాజీ చేయకూడదు. మన జెండర్ కమిటీ పని మొత్తం ఈ రెండు మాటల్లో ఉందని మాకనిపించింది.

2023లో మధ్యవర్తిత్వ చట్టం వచ్చింది. ఇరుగుపొరుగు, కుటుంబాల మధ్య శాంతి చెడే తగాదాలకు, ఇద్దరూ ఒప్పుకుంటే, ముగ్గురు మధ్యవర్తులు కూర్చునే సామాజిక మధ్యవర్తిత్వం గురించి అందులో రాశారు. చట్టంలోని అన్ని భాగాలూ ఒకేసారి అమలులోకి రాలేదు. వచ్చిన రోజు ఆ ముగ్గురిలో ఆడవాళ్లు ఉండాలంటే ఇప్పటి నుంచే తయారు కావాలి. కుర్చీ వేసినంక కూర్చోవడం నేర్చుకుందామంటే, ఆ కుర్చీలో అప్పటికే ఎవరో కూర్చొని ఉంటారు.

ఈ మహాసభ ముందు మా కోరికలు నాలుగు. ప్రతి గ్రామ సంఘం నెలవారీ మీటింగులో జెండర్ అంశాన్ని చివర కాకుండా మొదట పెట్టాలి, చివర పెడితే అందరూ లేచి పోతారు. కమిటీ అక్కల బస్సు చార్జీలు, పోగొట్టుకున్న కూలీ సమాఖ్య భరించాలి, ఎందుకంటే పేదమనిషి తన కూలీ పోగొట్టుకొని ఎన్ని రోజులు న్యాయం చేస్తది? హిందీ, ఒడియా మాట్లాడే చెల్లెళ్లను కమిటీల్లోకి తీసుకోవాలి. కిరాయి ఇంట్లో ఉండే ఆ పిల్లకు ఇక్కడ తల్లిగారిల్లు లేదు, మనమే కావాలి. నాలుగోది, మగపిల్లలతో, యువకులతో కూడా ఈ శిక్షణ పెట్టాలి. సగం మందికి నేర్పి ఇల్లు బాగుపడదు.

తప్పు ఒప్పుకున్నందుకు మా మీద నమ్మకం తగ్గితే తగ్గనీయండి. కానీ ఈసారి మీటింగు అయిపోయినంక చాప మడతపెట్టుకుంటూ ఎవరైనా వెనక ఉండిపోతే, మీలో ఒక్కరైనా ఆగండి. తీర్పు చెప్పొద్దు. పక్కన కూర్చొని, "చెప్పు చెల్లె, ఇంటున్న" అనండి.