మహామారియు ప్రజల మనస్సును



ఈ రజతోత్సవ సభలో ఆరోగ్యమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. మహామారి తొలినాళ్ళలో జాగ్రత్తల విషయమున ప్రజలు ఏకమనస్కులై యుండుట అరుదు. 1896వ సంవత్సరపు బొంబాయియే ఇందుకు తార్కాణము.

ఆ సెప్టెంబరులో మాండ్వీ పేటలో డాక్టరు వియేగాస్ ప్లేగును గుర్తించెను. లక్షలాది జనులు పట్టణము విడిచిపోయిరి. రోగులను బలవంతముగానైనను ఆసుపత్రికి తరలింపవచ్చునని అక్టోబరులో నగరపాలకులు ఉత్తరువు చేసిరి. ఆ నెలాఖరునకే మిల్లు కార్మికులు ఆర్థరు రోడ్డు ఆసుపత్రిపై దాడి చేసిరి. వారిని అజ్ఞానులని త్రోసివేయుట సులభము. నాకది న్యాయముగా తోచదు. లోనికి పోయిన తమవాడు ప్రాణములతో తిరిగివచ్చునో రాడో! అంత్యకాలమున నోట తులసితీర్థము పోయు ఆప్తుడైనను చెంత నుండునా? వారి భయమిది.

1897 జనవరి 10వ తేదీన హాఫ్‌కిన్ పండితుడు తన టీకామందును మొదట తన దేహమునకే ఎక్కించుకొనెను. పిదప బైకుల్లా చెరసాలలోని ఖైదీలు కొందరు స్వచ్ఛందముగా ముందునకు వచ్చిరి. పూనాలో సైనికులు ఇండ్లు సోదాచేసిన తీరును తిలకు 'కేసరి'లో తీవ్రముగా ఖండించెను; అయినను ప్లేగు ఆసుపత్రి నెలకొల్పుటకు ఆయనయే పూనుకొనెను. జాగ్రత్తను కాదనుట వేరు, జరిపించు తీరును కాదనుట వేరు.

1897 ఫిబ్రవరి నాటి అంటురోగముల చట్టము క్రిందనే 2020 మార్చిలో మన రెండు తెలుగు రాష్ట్రములును కోవిడ్ నిబంధనలు వెలువరించినవి. అప్పుడును మాస్కు ధరించినవారు కొందరు, వారిని చూచి నవ్వినవారు కొందరు. కొన్ని పల్లెలు మాత్రము ఎవరి ఆజ్ఞకును ఎదురుచూడక పొలిమేరలో ముళ్ళకంపలు అడ్డము వేసికొన్నవి.