గుంటనక్క జాడ: మెట్టబీళ్లలో ఆనవాళ్ల పరిశీలన

శాస్త్రజ్ఞులు వల్పెస్ బెంగాలెన్సిస్ అని పిలిచే గుంటనక్క దక్కను మెట్టల్లో, పొదలు పలచగా ఉన్న గడ్డిబీళ్లలో బతికే చిన్న జంతువు. దాని బరువు రెండు నుంచి నాలుగు కిలోలు మాత్రమే. ఊరి పొలిమేరల్లో రాత్రివేళ గుంపుగా ఊళపెట్టే నక్క ఇంతకు రెండు మూడు రెట్లు బరువుండే వేరే జాతి. గుంటనక్క ఎక్కువగా మునిమాపు వేళ, రాత్రిపూట తిరుగుతుంది కనుక దాని ఉనికి తెలిసేది చాలావరకు ఆనవాళ్ల వల్లనే; అయితే అదే బండిబాట దుమ్ములో నక్క, ఊరకుక్క, అడవిపిల్లి, ముంగిస కూడా నడిచిపోతాయి.

అడుగును విడిగా చూసినప్పుడు తేలే విషయాలు కొన్ని ఉన్నాయి. కుక్కజాతి జంతువుల జాడలో నాలుగు వేళ్ల మెత్తలు, వాటి వెనుక మూడు మూలల పెద్ద మెత్త, వేళ్ల ముందు గోళ్ల గుర్తులు ఉంటాయి. పిల్లిజాతి గోళ్లను ముడుచుకుని నడవడం వల్ల దాని జాడలో సాధారణంగా గోళ్లు పడవు, పెద్ద మెత్త వెనుక అంచు మూడు వంపులుగా కనిపిస్తుంది. ముంగిసకు అయిదు వేళ్లు. నక్క పాదంలో నడిమి రెండు వేళ్ల మెత్తలు వెనుక వైపు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. నేల మెత్తగా ఉంటే ఈ కలయిక జాడలోనూ దిగుతుంది. అసలు చిక్కు చిన్న ఊరకుక్కతోనే. కుక్క వేళ్లు విచ్చుకుని గోళ్లు మొద్దుగా పడతాయని, గుంటనక్క అడుగు ఇరుకుగా, గోళ్లు సన్నగా ఉంటాయని చెప్పడం తేలికే గానీ, ఒక్క అడుగును చూసి అంత ధీమాగా తీర్పు చెప్పేవారిని కొంత అనుమానించక తప్పదు.

అందుచేత అడుగు కంటే నడక నమ్మదగినది. అడవి జంతువు శక్తిని వృథా చేయకుండా, వెనుక కాలిని ముందు కాలి గుర్తులోనే గానీ దాని పక్కనే గానీ మోపుతూ దాదాపు ఒకే గీత మీద సాగిపోతుంది. ఇంటి తిండి తినే కుక్క వంకరలు తిరుగుతూ, ఆగుతూ, వెనక్కి వస్తూ పోతుంది. ఈ తేడా తెలియాలంటే కనీసం పది పదిహేను అడుగుల వరసను, సూర్యకాంతి ఏటవాలుగా పడి నీడలు లోతును చూపే పొద్దుటి పూట, పరిశీలించాలి. నేల స్వభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి: పలచని దుమ్ము పరచుకున్న ఎర్రనేల అడుగును ఉన్నదున్నట్టు పట్టి ఉంచుతుంది, తడిసిన రేగడి మాత్రం పాదానికి అంటుకుని జాడను పెద్దది చేసి చూపుతుంది కనుక రేగడిలో తీసిన కొలతలను నమ్ముకోరాదు.

మలం ఇంతకంటే ఎక్కువ చెబుతుంది. గుంటనక్క దాన్ని రాళ్ల మీద, గట్ల మీద, బాటలు కలిసే చోట, అంటే తోటి జంతువులకు వాసన తగిలే చోట, వదులుతుంది. అది ఒక కొన సన్నబడిన చిన్న ముక్కలుగా ఉంటుంది. ఎండిన మలాన్ని పుల్లతో విడదీస్తే ఎలుకల వెంట్రుకలు, పెంకుపురుగుల మెరిసే రెక్కలు, మిడతల కాళ్లు, చెదపురుగుల తలలు, కాయల కాలంలో రేగు గింజలు కనిపిస్తాయి. గింజలే నిండుగా ఉన్నప్పుడు మానుపిల్లిని కూడా అనుమానించాలి, ఎందుకంటే అది కూడా పండ్లు తిని రాళ్ల మీదే విసర్జిస్తుంది. పరాన్నజీవుల గుడ్లు ఉండే అవకాశం వల్ల మలాన్ని ఉత్త చేతులతో ముట్టరాదు.

బొరియ విషయంలో ఋతువు ముఖ్యం. చలికాలంలో జతకట్టి, సుమారు యాభై రోజులు పిల్లలను మోసే ఈ జంతువు వేసవి ముదిరేలోగా ఈని, ఆ కొన్ని నెలలే బొరియను గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. మిగతా కాలంలో పొద మాటునో రాయి చాటునో పగలు గడుపుతుంది. పిల్లలను పెంచే బొరియకు సాధారణంగా అనేక ద్వారాలుంటాయి. వాకిట కొత్తగా తోడిన మన్ను, చిన్నచిన్న అడుగులు, ఎముక ముక్కలు ఉంటే అది వాడుకలో ఉన్నట్టు. సాలెగూడు అల్లుకుని ఉంటే పాడుపడినట్టు. ముళ్లు రాలి ఉంటే ముళ్లపందిది. అనుమానం తీరకపోతే ద్వారానికి అడ్డంగా సన్నని పుల్లలు నిలిపి మర్నాడు చూడడం మంచి పద్ధతి. అలజడికి తల్లి పిల్లలను వేరే బొరియకు మార్చేస్తుంది కాబట్టి అంతకు మించి అక్కడ తచ్చాడకూడదు.

నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు, 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పడిన అభయారణ్యం, గుంటనక్క అధ్యయనానికి కూడా పేరుపడిన చోటు. రంజిత్ మనకడన్, అసద్ రహ్మానీ అక్కడ దాని సంఖ్యను, జీవనాన్ని పరిశీలించారు. మహారాష్ట్రలోని నాన్నజ్ బీళ్లలో అబి వనక్, ఆయన సహచరులు చేసిన ప్రయోగాల్లో, కుక్క దగ్గరలో ఉన్నప్పుడు గుంటనక్కలు పెట్టిన తిండి దగ్గరకు రావడం తగ్గించాయని తేలింది. కాబట్టి కుక్కల జాడలు దట్టంగా ఉన్న బాట మీద గుంటనక్క అడుగు దొరకనంత మాత్రాన ఆ బీడులో అది లేదని రాసుకోవడం తొందరపాటు; కుక్కలు తక్కువగా తిరిగే గట్ల మీద, బాటకు దూరంగా ఉన్న రాళ్ల మీద మరోసారి వెతికిన తరవాతే ఆ మాట రాయాలి.