పదో తరగతి పరీక్ష, పెళ్లి బెదిరింపు

శ్రీశైలం నుంచి ఆళ్లగడ్డ దాకా చాలా ఇళ్లలో పదో తరగతి ఆడపిల్లకు వినిపించే మాట, 'తప్పితే పెళ్లి చేసేస్తాం'. ఆ భయంతో కూర్చున్న పిల్లకు తెలిసిన జవాబు కూడా గుర్తుకు రాదు. అందుకే తల్లులను ముందు ఆ మాట మానమంటాను. 18 ఏళ్లు నిండని పిల్లకు పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం.

తర్వాత పాత ప్రశ్నపత్రం ఇచ్చి, పక్కన గడియారం పెట్టండి. పబ్లిక్ పరీక్షలో మొదటి 15 నిమిషాలు ప్రశ్నలు చదువుకోవడానికే ఇస్తారు. వచ్చినవి ముందు రాయాలి, రానిదాని దగ్గర ఆగకూడదు. హిందీలో 20, మిగతావాటిలో 35 వస్తే పాస్. ఎన్ని మార్కులని కాక, ఎక్కడ టైం చాలలేదని అడగండి.

తప్పినా అదే ఏడాది సప్లిమెంటరీ ఉంది. పరీక్ష తప్పినంత మాత్రాన చదువుకునే హక్కు పోదు.