రీహాబ్‌కి టికెట్ బుక్ చేసే ముందు ఇది చూడండి

పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా నాన్న ఏళ్ళ నుంచి రోజూ తాగుతారు. ఒంగోలులో చూపిస్తే అందరికీ తెలిసిపోతుంది. బెంగళూరులో ఒక సెంటర్ మాట్లాడాం. బయల్దేరేదాకా చుక్క కూడా ఇవ్వకుండా గదిలో పెడితే సరిపోతుందా?"

ఆ చివరి మాట చదివి నాకు భయమేసింది. అందుకే ముందు దాని గురించే చెప్తా.

ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే, చివరిసారి తాగిన 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. 2, 3 రోజులకి ఎక్కడున్నాడో తెలియకపోవడం, లేనివి కనిపించడం, ఒళ్ళంతా వణుకు మొదలవ్వచ్చు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ప్రాణం మీదకి వస్తుంది. ఇప్పుడు లెక్కేయండి. గదిలో ఒక రోజు, బస్సులో ఒక రాత్రి. సరిగ్గా ఆ గంటల్లోనే మీరు హైవే మీద ఉంటారు!

కాబట్టి టికెట్ కంటే ముందు మీ ఊళ్ళో డాక్టర్. ఎలా మానిపించాలి, ప్రయాణం చెయ్యొచ్చా లేదా అన్నది ఆయన చెప్పాలి. మనం కాదు, సెంటర్ వాళ్ళ మార్కెటింగ్ అబ్బాయి అంతకన్నా కాదు.

ఇక సెంటర్‌కి ఫోన్ చేసి ఇవి అడగండి.

ఒకటి, స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందా? 2017 చట్టంలో మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఉన్నాయి. నంబర్ అడిగి రాసుకోండి.

రెండు, సైకియాట్రిస్ట్ ఎవరు, వారానికి ఎన్నిసార్లు వస్తారు? రాత్రి 2 గంటలకి ఫిట్స్ వస్తే చూసేదెవరు?

మూడు, ఇంటివాళ్ళతో ఫోన్ మాట్లాడనిస్తారా? "మేమే బండి పంపి ఎత్తుకొస్తాం" అంటే ఆగండి. మనిషి ఒప్పుకోకుండా చేర్చుకోవాలంటే ఒక సైకియాట్రిస్ట్, ఇంకో నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి. మొదటిసారి 30 రోజులకి మించకూడదు. గొలుసులతో కట్టేయడం నిషేధం.

నాలుగు, తిరిగొచ్చాక ఎవరు చూస్తారు? "100 శాతం గ్యారంటీ" అంటే ఫోన్ పెట్టేయండి. ఈ జబ్బు మళ్ళీ తిరగబెట్టొచ్చు, అందుకే ఫాలో-అప్ ముఖ్యం. నెలనెలా బెంగళూరు వెళ్ళగలరా? లేకపోతే దగ్గర్లో డాక్టర్‌ని ఇప్పుడే చూసుకోండి.

దూరం వెళ్ళడం తప్పు కాదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో దీనికోసం ప్రత్యేక విభాగమే ఉంది. కానీ మనకి హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచకపోతే 14446 డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్. రెండూ ఫ్రీ. టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

తమ్ముడూ, నలుగురికీ తెలిస్తే తెలియనీ. నాన్న క్షేమంగా ఉండటం ముఖ్యం. రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం అండీ, ఉంటాను.