హై నూన్: ఎవరూ రాలేదని ఎవరన్నారు?

(సినిమా ప్రదర్శన తర్వాత జరిగిన చర్చలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం పాఠం)



ఇప్పుడే మనందరం 85 నిమిషాల బొమ్మ చూశాం. నలుపు తెలుపు బొమ్మ, ఇంగ్లీషు మాటలు. ముందు వరుస పిల్లలు మొదటి పది నిమిషాలు గోల చేశారు. గోడ గడియారం ముల్లు పన్నెండు వైపు జరిగేకొద్దీ వాళ్ల నోళ్లు మూతపడ్డాయి. మేం పంతుళ్లం, ఆ నిశ్శబ్దం విలువ మాకు తెలుసు. క్లాసులో మాకది దొరకదు.

బొమ్మ అయిపోయాక బయట టీ తాగుతూ మీరనుకున్న మాటలు మేం విన్నాం. ఎక్కువమంది అన్నది ఒకటే. "ఊరంతా పిరికోళ్లు. ఒక్కడంటే ఒక్కడు రాలేదు." ఈ మాట మీదే ఇవాళ మాట్లాడదాం. మీరు కొత్తగా అన్న మాటేం కాదిది. 1952లో ఈ బొమ్మ విడుదలైన కాడ్నించి చూసినోళ్లలో ఎక్కువమంది ఇదే అంటున్నారు. మెచ్చుకున్నోళ్లూ ఇదే, తిట్టినోళ్లూ ఇదే.

ఇంగ్లీషు అందనోళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాం. హాడ్లీవిల్ అనే చిన్న ఊరు. విల్ కేన్ ఆ ఊరి మార్షల్, అంటే ఊరి కాపలా అధికారి. ఆ పొద్దునే పెళ్లయింది, ఉద్యోగం బిళ్ల తీసి పెట్టి పెళ్లాంతో ఊరొదిలిపోతున్నాడు. అంతలో కబురు: తను పట్టి జైలుకి పంపిన హంతకుడు ఫ్రాంక్ మిల్లర్ క్షమాభిక్ష మీద బయటపడి మధ్యాహ్నం రైలుకి దిగుతున్నాడు. స్టేషన్లో ముగ్గురు అనుచరులు వాడి కోసం కాసుకునున్నారు. కేన్ సగం దారి పోయి తిరిగొచ్చాడు. రైలొచ్చే లోపల మనుషుల్ని కూడేసుకోవాలి. జడ్జి గారు జెండా మడతపెట్టి, న్యాయం తక్కెడ సంచిలో వేసుకుని గుర్రమెక్కాడు. స్నేహితుడు ఇంట్లోనే ఉండి, లేడని పెళ్లాం చేత చెప్పించాడు. మంగలి షాపాయన శవపేటికలు కూడా అమ్ముతాడు, ఆయన ఎన్ని పేటికలు కావాలో లెక్క చూసుకుంటున్నాడు.

ఇక చర్చి. ఊరి పెద్ద హెండర్సన్ లేచి, కేన్ లాంటి మంచోడు ఊరికి మళ్లీ దొరకడని పొగుడుతూ పొగుడుతూ పోయి చివరికి ఏమన్నాడు? ఊళ్లో కాల్పులు జరిగితే పైనుంచి పెట్టుబడి పెట్టేవాళ్లు వెనక్కిపోతారు కాబట్టి నువ్వు వెళ్లిపో అన్నాడు. ఆయన ఇంకా పొగుడుతుండగానే మన వెనక బెంచీ మీది అక్క ఒకామె "ఇంక అయిపోయాడు పాపం" అనింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఆ గొంతు మాత్రం బాగా తెలుసు.

ఈ బొమ్మ రాసింది కార్ల్ ఫోర్‌మన్. ఆ రోజుల్లో అమెరికాలో కమ్యూనిస్టుల వేట నడుస్తుండేది. షూటింగ్ జరుగుతుండగానే, 1951 సెప్టెంబరులో, ఫోర్‌మన్ని పార్లమెంటు కమిటీ ముందుకి పిలిచారు. తోటివాళ్ల పేర్లు చెప్పమన్నారు. చెప్పలేదు. స్నేహితులు మొహం తిప్పుకున్నారు, పని ఇచ్చేవాళ్లు తప్పుకున్నారు, దేశం వదిలి ఇంగ్లండు పోయాడు. భయంతో వణికిపోయిన హాలీవుడ్డునే తాను ఆ ఊరిగా రాశానని తర్వాత ఆయనే చెప్పాడు.

తిట్టినోళ్లలో పెద్దవాడు జాన్ వేన్. గుర్రం మీద అమెరికా అంటే ఆయన బొమ్మే గుర్తొచ్చేంత పెద్ద నటుడు. 1971లో ఇచ్చిన ఇంటర్వ్యూలో, ఇంత అమెరికా వ్యతిరేక సినిమా నా జన్మలో చూడలేదన్నాడు. ఫోర్‌మన్ని దేశం నుంచి తరమడానికి సాయపడినందుకు చింత లేదన్నాడు. దానికి సాక్ష్యంగా, చివర్లో హీరో బిళ్లని కాలికింద వేసి తొక్కాడని చెప్పాడు. మీరు ఇప్పుడే చూశారు కదా. తొక్కాడా? బిళ్ల పీకి దుమ్ములో పడేశాడు, బండెక్కాడు, అంతే. కాలు ఎక్కడా లేదు. అంత పెద్ద నటుడు కళ్లతో కాక కడుపుమంటతో చూశాడు ఈ బొమ్మని. ఇంకో తమాషా, ఈ బొమ్మకి గారీ కూపర్‌కి ఉత్తమ నటుడిగా ఆస్కార్ వస్తే, 1953లో ఆయన తరఫున వేదికెక్కి తీసుకున్నది కూడా ఈ జాన్ వేనే!

దర్శకుడు హోవర్డ్ హాక్స్ సణుగుడు ఇంకో రకం. మంచి షరీఫయినవాడు తల తెగిన కోడిలా ఊరంతా తిరిగి సాయం అడుక్కుంటాడా అన్నాడు. పైగా చివరికి పెళ్లాం వచ్చి కాపాడాలా అని ఎకసెక్కం. ఎమీ తుపాకీ పట్టని మతం పిల్ల. ఆ మతం పక్కనబెట్టి మొగుణ్ణి బతికించుకుంది. అందులో మొగాడికి తలవంపులేంటో మాకు అర్థం కాలేదు.

అటు సోవియట్ పత్రిక ప్రావ్దాకీ ఈ బొమ్మ నచ్చలేదు. జనాన్ని కాదని ఒక్కణ్ణి ఎత్తి చూపారని దాని ఫిర్యాదు. మళ్లీ 1989 జూన్ 4న పోలండు ఎన్నికల్లో సాలిడారిటీ వాళ్లు గోడలకి అంటించిన పోస్టరు మీదున్నది ఇదే కూపర్. చేతిలో తుపాకీ బదులు ఓటు కాగితం. అమెరికా అధ్యక్షుల్లో ఐసెన్‌హోవర్‌కి ఇష్టం, క్లింటన్‌కి మరీ ఇష్టం. చూడండి, వామపక్షం అని తరిమేసినవాడు రాసిన బొమ్మ, కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దించేవాళ్లకి పోస్టరయింది. ఎవరికి వాళ్లు తామే కేన్ అనుకున్నారు. చర్చి బెంచీ మీద తల దించుకుని కూచున్నది నేనే అని చెప్పిన ప్రేక్షకుణ్ణి మాత్రం మేం ఇంతవరకూ వినలేదు.

ఇక ఆ మాట దగ్గరికొద్దాం. ఎవరూ రాలేదా?

ఇద్దరొచ్చారు. మీరంతా చూశారు, లెక్క మాత్రం వెయ్యలేదు. ఒకడు ఒంటికన్ను మనిషి, జిమ్మీ. తాగుబోతని ఊరంతా నవ్వే మనిషి. కేన్ దగ్గరికి తనంతట తనే వచ్చి నేనూ వస్తానన్నాడు. తనకీ ఒక అవకాశం కావాలన్నాడు. కేన్ ఏం చేశాడు? అవసరమైతే పిలుస్తాలే అని చేతిలో చిల్లర పెట్టి, పోయి తాగమన్నాడు. రెండోవాడు పద్నాలుగేళ్ల కుర్రాడు. పదహారని అబద్ధమాడి మరీ వచ్చాడు. వాణ్ణీ ఇంటికి పొమ్మన్నాడు.

కుర్రాడి విషయంలో మేం కేన్ని తప్పుపట్టం. మాది బడి, పద్నాలుగేళ్లోణ్ణి తుపాకీల ముందుకి మేమూ పంపం. ఒంటికన్ను మనిషి దగ్గరే మాకు పేచీ. కేన్ దుర్మార్గుడు కాడు, జాలితోనే ఇచ్చాడు ఆ చిల్లర. మా నాయన చదువుకోలేదు. చెరువు నీళ్ల విషయంలో ఊరి పెద్దలు కూచున్నప్పుడు, నేనూ రెండు మాటలు చెప్తానయ్యా అని లేచాడు. కసరలేదు ఎవరూ. నవ్వుతూ బీడీలకి డబ్బులిచ్చి పంపారు. ఇంటికొచ్చి ఆ డబ్బులు గూట్లో పెట్టాడు, బీడీలు కొనలేదు. మేం అప్పుడు ఆరో క్లాసు. ఈ బొమ్మ మేం మూడుసార్లు చూశాం. మొదటి రెండుసార్లు జిమ్మీ మాకూ కనపళ్లేదు, మీతో పాటే ఎవరూ రాలేదనే అన్నాం.

ఇంకో విచిత్రం చెప్పాలి. హాక్స్‌కీ వేన్‌కీ కోపమొచ్చి, ఈ బొమ్మకి జవాబుగా 1959లో "రియో బ్రావో" అని రంగుల్లో తీశారు. అందులో షరీఫు వేనే. ఊళ్లో పెళ్లాం బిడ్డలున్న పెద్దమనుషులు నాకొద్దంటాడు. మరి ఆయన పక్కన నిలబడిందెవరు? ఒక తాగుబోతు, ఒక కుంటి ముసలాయన, ఒక కుర్రాడు! కేన్ వెనక్కి పంపినవాళ్లే దాదాపుగా ఇక్కడికొచ్చారు. వేన్ రాజకీయం మాకు నచ్చదు, దాచుకోం. కానీ న్యాయంగా చెప్పాలంటే ఫోర్‌మన్ చిల్లరిచ్చి పంపించినోడికి వీళ్లు తుపాకీ ఇచ్చారు. అలాగని దాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆ బొమ్మలో మెక్సికో హోటలాయన నవ్వించడానికే ఉన్నాడు.

ఆ సంగతిలో మాత్రం పాత నలుపు తెలుపు బొమ్మే పైచేయి. హెలెన్ రామిరెజ్ని చూశారుగా. నటించింది కేటీ హురాడో, మెక్సికో ఆమె. 1953లో ఈ పాత్రకి గోల్డెన్ గ్లోబ్ తీసుకుంది. ఊళ్లో దుకాణం ఆమె డబ్బుతోనే నడుస్తుంది, పైకి మాత్రం భాగస్తురాలని ఎవరికీ తెలియదు. ఇలాంటి ఊళ్లో మెక్సికో ఆడదానిగా బతకడం ఎలా ఉంటుందో ఎమీకి ఆమే చెప్తుంది. కేన్ చస్తే ఊరూ చస్తుందని ముందే కనిపెట్టింది, దుకాణం అమ్మేసింది, మిల్లర్ దిగిన రైలే ఎక్కి పోయింది. మన కాలేజీ పిల్లాడొకడు ఆమె కూడా పారిపోయిందిగా సార్ అన్నాడు. ఊరు తనదన్నవాడు వదిలిపోతే పారిపోవడం. నాది అని ఆమెని ఎవరు అననిచ్చారు రా? ఆమె ఎమీతో చెప్పింది కూడా గుర్తు చేసుకో. కేన్ తన మనిషే అయితే తుపాకీ పట్టి నిలబడేదాన్నంది. అంటే ఆమె కూడా వచ్చేదే. ఆమెని ఎవరూ అడగలేదు. లెక్క ముగ్గురికి చేరింది.

కేన్ కూడా చివర్లో ఏదో గ్రహించాడనే మాకనిపిస్తుంది. నలుగురూ చచ్చి పడ్డాక జనం వీధిలోకి గుంపుగా వస్తారు. కేన్ వాళ్ల మొహం చూడడు. బండి తోలుకొచ్చిన కుర్రాడి వైపు మాత్రం చూస్తాడు. వెనక్కి పంపిన ఆ పద్నాలుగేళ్లోడే.

జిమ్మీ ఆ గుంపులో ఉన్నాడా లేడా అని మాలో మాకు తగువు. ఇదుగో తమ్ముడూ, లైట్లాపు. ఆఖరి అయిదు నిమిషాలు మళ్లీ వెయ్యి. కేన్ని కాదు, వెనకున్న గుంపుని చూడండి.