కొనేవారి మనసుకు కొలత
(కణేకల్‌లో పాల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



కణేకల్ చెరువుకు తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లున్నాయి. ఆ నీళ్లు అందని మెట్ట ఊళ్లలో వాన తప్పితే శెనక్కాయ చేతికి రాదు. ఇల్లు నడిపేది పాల డబ్బే. పాలను కొలవడం మనకు బాగా తెలుసు. లాక్టోమీటరు, వెన్న పరీక్ష మీరు రోజూ చూస్తున్నవే. మరి కొనేవారి మనసుకు కొలత ఏది?

ముందుగా మా పొరపాటు చెప్పుకుంటాము. కొన్నేళ్ల క్రితం ఒక సంఘంలో స్థానిక అమ్మకం పెట్టించాము. కొనేవారిని అడిగితే "ధర తగ్గించండి" అన్నారు, తగ్గించాము. పాలు మాత్రం ఎనిమిది దాటాకే అందేవి. మూడు నెలలకు అమ్మకం మూతపడింది. సభ్యులకు ఆ ఏడు బోనసు దక్కలేదు.

విడివిడిగా అడిగితే ఎవరైనా అన్నీ కావాలనే అంటారు. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలన్నప్పుడే అసలు మనసు బయటపడుతుంది. ఈ సూత్రంపై ఆధారపడిన కొలత పద్ధతిని పాల్ గ్రీన్, విఠల రావు అనే ఇద్దరు పరిశోధకులు 1971లో మార్కెటింగు రంగానికి పరిచయం చేశారు. దీనిని కంజాయింట్ విశ్లేషణ అంటారు. కంపెనీలు కంప్యూటర్లతో చేసే ఈ పనికి మనకు నాలుగు అట్టముక్కలు చాలు. వాటిమీద ఇలా రాయండి:

1. వెన్న 4.5 శాతం, లీటరుకు నాలుగు రూపాయలు ఎక్కువ, ఉదయం ఆరింటికి
2. వెన్న 4.5 శాతం, మామూలు ధర, ఎనిమిదింటికి
3. వెన్న 3 శాతం, నాలుగు రూపాయలు ఎక్కువ, ఎనిమిదింటికి
4. వెన్న 3 శాతం, మామూలు ధర, ఆరింటికి

నచ్చిన వరుసలో పేర్చమని ఒక ఇల్లాలిని అడగండి. మొదటిదానికి 4 మార్కులు, తర్వాతవాటికి 3, 2, 1. ఆమె 1, 4, 2, 3 వరుసలో పేర్చిందనుకుందాం. చిక్కని పాల అట్టలు రెండింటికీ కలిపి 6 మార్కులు, పలుచనివాటికి 4, తేడా 2. ఎక్కువ ధరవాటికి 5, మామూలు ధరవాటికి 5, తేడా లేదు. ఆరింటివాటికి 7, ఎనిమిదింటివాటికి 3, తేడా 4. అంటే ఆమెకు వెన్న కంటే వేళ రెండింతలు ముఖ్యం. నాలుగు రూపాయలు ఆమె లెక్కలోకే రాలేదు. తేడా పది రూపాయలైతే జవాబు మారవచ్చు, కనుక మీరు నిజంగా పెట్టదలచిన ధరలే రాయండి.

ఒక్క ఇంటితో తృప్తి పడవద్దు. కనీసం ముప్పై ఇళ్లు తిరగండి. టీ హోటళ్ల లెక్క వేరుగా వేయండి; ఇంటికి కావలసినవీ హోటలుకు కావలసినవీ ఒకటి కాకపోవచ్చు. అట్టలు చూపేటప్పుడు "ఇది మంచిది" అని మీరు నోరు జారవద్దు.

స్థానిక అమ్మకంపై తీర్మానం చేసేముందు పాలకవర్గం ఈ లెక్కను సభ్యుల ముందు ఉంచాలని మా మనవి. ధర తగ్గిస్తే ఆ నష్టం పాలు పోసే సభ్యుడిదే. వేళ మార్చడానికి కావలసింది ఒక గంట ముందు లేవడం.